సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా టీవీ మన పిల్లలది



ఈ కాగితం చేతిలో పడగానే మడిచి జేబులో పెట్టుకోకండి. ఐదు నిమిషాలు ఆగి చదవండి. చదివాక ఇంట్లోవాళ్ల చేత చదివించండి.

బడి వదిలాక పిల్లలు ఇంటికి చేరేది ఐదింటికి. ట్యూషన్ ఉన్నవాళ్లు ఏడింటికి. ఆకలిమీద వచ్చి కూర్చునేది టీవీ ఉన్న గదిలోనే. మనలో చాలామంది ఇళ్లకు ముందుగది ఒక్కటే. హోంవర్కు అక్కడే, భోజనం అక్కడే, నాయనమ్మ సీరియల్ అక్కడే, నాన్న వార్తలు అక్కడే. వాడు చదువుకుంటున్నాడు, అటు చూడటం లేదులే అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. కళ్లు పుస్తకంలో ఉన్నా చెవులు టీవీలోనే ఉంటాయి. కాదనుకుంటే, మొన్న సీరియల్లో ఏం జరిగిందో ఆ పిల్లవాణ్నే అడగండి.

ఆ వేళలో ఏం వస్తోంది? రాత్రి పొద్దుపోయాక వేసే కామెడీ షోల పాత ఎపిసోడ్లు మధ్యాహ్నం, సాయంత్రం మళ్లీ వేస్తున్నారు. పక్కింటి ఆంటీ మీద జోకు, లావుపాటి అమ్మాయి ఒంటి మీద జోకు, ఆడవేషం కట్టిన మనిషిని ఒకడు తడుముతుంటే దాని మీద పంచ్. యాంకరమ్మ చీర గురించి వచ్చిన అతిథి ఒక డబుల్ మీనింగ్ మాట విసురుతాడు, జడ్జీలు కుర్చీల్లోంచి లేచి మరీ నవ్వుతారు. సీరియళ్లలో శోభనం గది సన్నివేశం రోజుల తరబడి సాగుతుంది. అమ్మాయి వద్దంటున్నా వెంటపడి, బలవంతంగా తాళి కట్టినవాడే ఆఖరికి మంచి మొగుడవుతాడు. పాటల చానళ్లలో కెమెరా మనిషి ముఖం దాకా రాదు, నడుము దగ్గరే ఆగిపోతుంది. వార్తా చానళ్లయినా నయమా అంటే, ఎక్కడో జరిగిన అక్రమ సంబంధం కేసును నటులతో మళ్లీ నటింపజేసి, మసక వెలుతురు పెట్టి, సంగీతం జోడించి చూపిస్తున్నాయి.

వీటన్నిటికన్నా ప్రోమో ప్రమాదకరం. రాత్రి షో రాత్రే వస్తుందనుకుందాం. దాని ప్రోమో మాత్రం ఏడింటి సీరియల్ మధ్యలో దూరుతుంది. ఆ షోలో ఉన్న మాటలన్నిట్లోకి పచ్చిదాన్ని ఏరి ప్రోమోలో పెడతారు, జనాన్ని లాగాలి కదా. మనం రిమోట్ అందుకునేలోపు ఆ మాట పిల్లల చెవిన పడిపోతుంది. నచ్చకపోతే చానల్ మార్చుకోండి, రిమోట్ మీ చేతిలోనే ఉంది కదా అనే చానళ్లవాళ్లకు మా జవాబు ఇదే. చెప్పకుండా మీదికొచ్చి పడేదాన్ని ఏ రిమోట్ ఆపుతుంది?

ఒక మాట ముందే స్పష్టం చేస్తున్నాం. మేం శరీరం పేరెత్తితే ఉలిక్కిపడేవాళ్లం కాదు. శానిటరీ ప్యాడ్ ప్రకటన వస్తే చానల్ మార్చమని మేం చెప్పం. పన్నెండేళ్ల ఆడపిల్లకు దాని గురించి తెలియాలి, ఆమె అన్నకూ తెలియాలి. గర్భం గురించి, ఎయిడ్స్ గురించి డాక్టరు మర్యాదగా వివరిస్తుంటే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. 2017 డిసెంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కండోమ్ ప్రకటనలను రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే వేయాలని చానళ్లకు సూచించింది, ఆ తర్వాత అసభ్యంగా తీసినవాటికే ఆ మాట వర్తిస్తుందని వివరణ ఇచ్చింది. ఆ వివరణ సరైనదని మా అభిప్రాయం. ఒక విషయం చెప్పినందుకు మాకు కోపం లేదు. మనిషిని, అందులోనూ ఆడమనిషిని, నవ్వులపాలు చేసి అమ్ముకుంటున్నందుకే మా కోపం.

బస్సులోగానీ, ట్యూషన్లోగానీ, చుట్టాలింట్లోగానీ ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తే మాకు చెప్పమ్మా అని మన పిల్లలకు నేర్పుతున్నాం. బళ్లలో టీచర్లు మంచి స్పర్శ, చెడు స్పర్శ పాఠం చెబుతున్నారు. 2012లో వచ్చిన పోక్సో చట్టం గురించి పోలీసులు వచ్చి వివరిస్తున్నారు. ఏదైనా జరిగితే 1098కి ఫోన్ చేయాలని గోడల మీద రాస్తున్నారు. అదే పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, టీవీలో ఒకడు ఇంకొకరి నడుం మీద చెయ్యి వేస్తాడు, స్టేజీ మీదున్నవాళ్లంతా పడీపడీ నవ్వుతారు. పక్కనే సోఫాలో నాన్న కూడా నవ్వుతాడు. రేపు తనకే అలా జరిగితే ఆ పిల్ల ఎవరి దగ్గరికి రావాలి? నాన్న దాన్ని కూడా నవ్వులాటగా తీసుకుంటాడేమోనని నోరు మూసుకుంటే ఆ తప్పు ఎవరిది?

మగపిల్లవాడి సంగతి ఇంకోలా ఉంటుంది. వద్దన్న అమ్మాయి ఆఖర్న ఒప్పుకుంటుందని వాడు ఆరో తరగతి నుంచే రోజూ సాయంత్రం నేర్చుకుంటున్నాడు. నేర్పుతున్నది వీధి రౌడీ కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కథ. ఫోన్లో ఇంతకన్నా ఘోరాలున్నాయి, టీవీనే ఎందుకు పట్టుకున్నారు అని కొందరు అడుగుతున్నారు. ఫోన్లో ఘోరాలున్న మాట నిజమే, దాని మీద కూడా పోరాడాలి. కానీ ఫోన్లో చూసేది దొంగచాటుగా చూస్తున్నానని పిల్లవాడికి తెలుసు. టీవీలో వచ్చేది అమ్మానాన్నల ఎదుట, వాళ్ల నవ్వుల మధ్య చూస్తాడు. అది తప్పు కాదన్న ముద్ర దాని మీద మనమే వేస్తున్నాం.

ఇప్పుడు చెప్పేది చానళ్లకు కాదు, మనకు.

2019 జూన్ 18న కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు చానళ్లకు ఒక సూచన పంపింది. డాన్స్ రియాలిటీ షోలలో చిన్నపిల్లల చేత, సినిమాల్లో పెద్దవాళ్లు చేసే శృంగార భంగిమలు చేయిస్తున్నారు, ఇది వాళ్ల వయసుకు తగదు, పిల్లల మీద చెడు ప్రభావం చూపుతుంది, సంయమనం పాటించండి అని దాని సారాంశం. దేశ ప్రభుత్వం పిలిచి చెప్పాల్సినంత దాకా వచ్చింది పరిస్థితి. అయితే అలాంటి షోలో ఆడే ఏడేళ్ల పాపకు ఆ పాట నేర్పింది చానల్ ఒక్కటే కాదు. ఆ డ్రెస్సు కుట్టించింది మనం. ఆడిషన్‌కు తీసుకెళ్లింది మనం. పెదవి కొరకమని, కన్ను కొట్టమని డాన్స్ మాస్టారు చెబుతుంటే పక్కనే నిలబడి వీడియో తీసింది మనం. బడి వార్షికోత్సవంలో రెండో తరగతి పిల్లలు ఐటమ్ సాంగ్‌కు ఆడితే ఈలలు వేసింది మనం, పెళ్లి సంగీత్‌లో మేనకోడల్ని అదే పాటకు మళ్లీ ఆడమన్నది మనం. ఆ పిల్లకు ఆ పాట అర్థం తెలియదు. చుట్టూ ఉన్న పెద్దలకు తెలుసు. చప్పట్లు వినిపిస్తే పిల్లలు దేన్నయినా మళ్లీ చేస్తారు. కాబట్టి దేనికి చప్పట్లు కొట్టాలో పెద్దలే తేల్చుకోవాలి.

పిల్లలను షోలకు పంపే తల్లిదండ్రులకు ఇంకో మాట. చిన్నారి కళాకారుల విషయంలో చట్టం ఉంది. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి నిర్మాత తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి ఇవ్వకుండా వరుసగా మూడు గంటలకు మించి చేయించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అనుమతి పత్రం చూపించమని అడగండి. ఏ పాట, ఏ డ్రెస్సు, ఏ స్టెప్పు అని ముందే అడగండి. నచ్చకపోతే పిల్లను తీసుకుని వచ్చేయండి. అవకాశం పోతుందన్న భయంతో ఊరుకోకండి.

ఇక చట్టం మాట. చాలామందికి తెలియని సంగతి ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం. టీవీ చానళ్లన్నీ 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టానికి, దానికి అనుబంధంగా ఉన్న 1994 నియమాలకు లోబడి నడవాలి. ఆ నియమాల్లో ఆరోది ప్రోగ్రామ్ కోడ్. సభ్యతను, అభిరుచిని దెబ్బతీసేది, అశ్లీలమైనది, స్త్రీలను కించపరిచేది, పిల్లలను కించపరిచేది ప్రసారం చేయకూడదని అందులో ఉంది. అదే నియమంలోని ఐదో ఉపనియమం మనకు ముఖ్యం. పిల్లలు ఎక్కువ సంఖ్యలో టీవీ చూసే వేళల్లో పిల్లలకు తగని కార్యక్రమాలు వేయకూడదని అది స్పష్టంగా చెబుతోంది. అంటే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా టీవీ మన పిల్లలదేనన్న మాట మా నోటి నుంచి పుట్టినది కాదు. చట్టం మనసులో ఉన్నదాన్నే మేం బయటికి చెబుతున్నాం.

చానళ్లు తమకు తాముగా పెట్టుకున్న కట్టుబాటు కూడా ఒకటుంది. వినోద చానళ్ల సంఘం 2011లో ప్రసార విషయాల ఫిర్యాదుల మండలిని, అంటే బీసీసీసీని ఏర్పాటు చేసింది. మొదటి అధ్యక్షుడు జస్టిస్ ఎ.పి. షా. అందరూ చూడదగ్గవి ఒక తరగతి, పెద్దలకే పరిమితమైనవి ఇంకో తరగతి అని ఆ స్వయం నియంత్రణ మార్గదర్శకాలు విడదీశాయి. రెండో తరగతివి రాత్రి 11 నుంచి ఉదయం 5 మధ్యే వేయాలి. బ్రిటన్‌లో తొమ్మిది గంటల గీత ఉంది, రాత్రి తొమ్మిదికి ముందు పిల్లలకు తగనివి వేస్తే అక్కడి నియంత్రణ సంస్థ ఊరుకోదు. మన దగ్గరా గీత ఉంది. దాటినవాణ్ని అడిగేవాళ్లు లేరు.

ఒక్కరు అడిగితే ఏమవుతుందని అనుకోకండి. ముంబైలో ప్రతిభా నైథానీ అనే కళాశాల అధ్యాపకురాలు టీవీలో పెద్దల సినిమాలు వేస్తున్నారని బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 'ఎ' సర్టిఫికెట్ సినిమాలు చానళ్లలో, కేబుల్లో వేయకుండా ఆ కోర్టు 2005లో ఆదేశాలిచ్చింది. పెద్ద పార్టీ వెనక ఉండి కాదు, ఒక టీచరు పట్టుబట్టినందుకే అది జరిగింది.

మరి మనం ఏం చేస్తున్నాం? ఛీ అనుకుని చానల్ మారుస్తున్నాం. అక్కడితో అయిపోయిందనుకుంటున్నాం. మనం టీవీ కట్టేసిన సంగతి చానల్‌కు తెలియనే తెలియదు. రేటింగులు లెక్కగట్టడానికి దేశమంతటా ఎంపిక చేసిన కొన్ని వేల ఇళ్లలోనే మీటర్లు పెడతారు. మన ఇంట్లో మీటరు లేనప్పుడు మన కోపం ఏ లెక్కలోకీ రాదు. కాగితం మీద రాస్తేనే అది లెక్కకు వస్తుంది, ఎందుకంటే రాసిన ఫిర్యాదుకు జవాబు చెప్పక తప్పదని 2021 జూన్‌లో సవరించిన కేబుల్ నియమాలు చెబుతున్నాయి.

ఆ పద్ధతి ఇలా నడుస్తుంది. ప్రతి చానలూ ఒక గ్రీవెన్స్ అధికారిని పెట్టుకోవాలి, ఆయన పేరు, చిరునామా చానల్ వెబ్‌సైట్‌లో ఉంచాలి. మనం ఫిర్యాదు పంపిన 24 గంటల్లో అందినట్టు రసీదు రావాలి. 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది మనకు నచ్చకపోయినా మరో 15 రోజుల్లో బీసీసీసీ లాంటి స్వయం నియంత్రణ మండలికి అప్పీలు చేసుకోవచ్చు. వాళ్లు 60 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే కేంద్ర ప్రభుత్వం దాకా వెళ్లవచ్చు. దేనికీ వకీలు అక్కర్లేదు. అయితే ఆలస్యం చేయకండి. ప్రసారం చేసిన కార్యక్రమాల రికార్డును చానళ్లు 90 రోజులే దాచి ఉంచాలి, ఆ తర్వాత చూపించమన్నా దొరక్కపోవచ్చు. తేదీ, గంట, నిమిషం అప్పుడే క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. వీలైతే ఆ ముక్కను ఫోన్లో తీసి ఉంచండి.

ఎలా రాయాలో తెలియక ఆగిపోకండి. ఇది చూసి ఖాళీలు నింపండి:

"గ్రీవెన్స్ అధికారి గారికి,
మీ చానల్లో ............ తేదీ సాయంత్రం ...... గంటల ...... నిమిషాలకు వచ్చిన ........................ కార్యక్రమంలో (ప్రోమోలో) ఈ మాటలు / ఈ దృశ్యం ప్రసారమయ్యాయి: ................................
ఆ సమయంలో మా ఇంట్లో ...... ఏళ్ల పిల్లలు టీవీ ముందున్నారు. ఇది కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాలు, 1994లోని 6(5)కు విరుద్ధం. ఈ భాగాన్ని తీసివేయాలని, లేదా రాత్రి 11 తర్వాతకు మార్చాలని, మీరు తీసుకున్న చర్యను 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.
పేరు, ఊరు, సంతకం."

అంతే. తిట్లు రాయకండి, బెదిరింపులు రాయకండి, నటీనటుల కులమో ఊరో ఎత్తకండి. స్కిట్లో ఆ మాట పలికిన అమ్మాయి పొట్టకూటి కోసం వచ్చి ఉంటుంది. రాసినవాడినీ, వేసినవాడినీ అడగండి. ఆమె ఫొటో కింద బూతు కామెంట్లు పెట్టేవాడు మా ఉద్యమంలో మనిషి కాడు.

ఊళ్లోని లోకల్ కేబుల్ చానల్ సంగతి వేరు. జాతర రికార్డింగ్ డాన్సులు, పాత పాటలు సాయంత్రాలు వేస్తుంటారు. ఆ కేబుల్ ఆపరేటరు మనకు తెలిసినవాడే, నెలనెలా మన ఇంటికొచ్చి డబ్బు తీసుకెళ్లేవాడే. ముందు ఆయనతో మర్యాదగా మాట్లాడండి, నలుగురు కలిసి వెళ్లండి. వినకపోతే కలెక్టరుకు అర్జీ పెట్టండి. కేబుల్ చట్టం కింద కలెక్టరు అధీకృత అధికారి. కేబుల్ ప్రసారాల మీద కన్నేసి ఉంచడానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీలు ఉండాలని కేంద్రం 2008లోనే చెప్పింది. మన జిల్లాలో ఆ కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగవచ్చు. గ్రీవెన్స్ డే నాడు రేషన్ కార్డు కోసం వెళ్తున్నాం, పింఛను కోసం వెళ్తున్నాం. దీని కోసం కూడా వెళ్దాం.

ఇంట్లో చేయాల్సినవి చట్టం చేయలేదు. సెట్‌టాప్ బాక్సులో పేరెంటల్ లాక్ ఉంటుంది, పిన్ నంబరు పెట్టి చానల్‌ను మూసేయవచ్చు. బాక్సుతో వచ్చిన పాత పిన్ ఉంచకండి, అది పిల్లలకు మనకన్నా ముందే తెలుస్తుంది. 2019 నుంచి మనకు కావలసిన చానళ్లనే ఎంచుకునే వీలుంది. చూడని పే చానల్‌కు డబ్బు కట్టడం మానండి, మన నెల బిల్లులో నుంచి దాని పేరు కొట్టేయించండి. లాక్‌తోనే అంతా అయిపోదు. నాయనమ్మలకు మా మనవి ఏమిటంటే, మీ సీరియల్‌ను మేం తీసేయమనడం లేదు. చాలా సీరియళ్లు మర్నాడు పొద్దునో మధ్యాహ్నమో మళ్లీ వస్తాయి, పిల్లలు బడిలో ఉన్నప్పుడు హాయిగా చూడండి. నాన్నలకు మనవి కాదు, గట్టిగానే చెబుతున్నాం. ఇంట్లో టీవీ, పిల్లల బాధ్యత అమ్మది అని తప్పుకోవద్దు. మీరు దేనికి నవ్వుతారో మీ కొడుకు గమనిస్తున్నాడు.

పాడు మాట ఒకటి వచ్చినప్పుడు రిమోట్ లాక్కుని పిల్లలను గదిలోంచి తరమకండి. అలా చేస్తే తామే తప్పు చేశామనుకుంటారు, తర్వాత ఏదీ మనల్ని అడగరు. టీవీ ఆపి రెండు ముక్కలు చెప్పండి. "ఆ అంకుల్ ఆమెను అలా అనడం బాగాలేదు, అందుకే మనం ఇది చూడం" అంటే ఆరేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. పదమూడేళ్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే విసుక్కోకండి, తెలిసింది చెప్పండి, తెలియనిది కనుక్కుని చెబుతాననండి. ఆ సంభాషణ మొదలవ్వడానికి సిగ్గు అడ్డొస్తుంది, నిజమే. మన అమ్మానాన్నలు మనతో ఈ మాటలు మాట్లాడలేదు. అందుకే ఆ సంగతులు మనం ఎక్కడెక్కడ, ఎవరెవరి నోట నేర్చుకున్నామో మనకు గుర్తుంది. మన పిల్లలకు ఆ గతి పట్టకూడదు.

బడుల యాజమాన్యాలకు, టీచర్లకు కూడా ఒక కోరిక. వచ్చే వార్షికోత్సవానికి పాటల జాబితా ముందుగా తల్లిదండ్రులకు చూపించండి. కోలాటం ఉంది, చెక్కభజన ఉంది, లంబాడీ నృత్యం ఉంది, ధింసా ఉంది, మంచి సినిమా పాటలూ లెక్కలేనన్ని ఉన్నాయి. మొదటి తరగతి పిల్లలకు ఐటమ్ సాంగ్ తప్ప దొరకలేదంటే వెతకలేదనే అర్థం.

అమ్మలారా, అయ్యలారా! ఈ వారం మీ ఇంట్లో సాయంత్రం టీవీ ముందు ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. అభ్యంతరకరమైనది కనిపించిన క్షణాన తేదీ, వేళ, చానల్, కార్యక్రమం పేరు రాయండి. పైన ఇచ్చిన ఫిర్యాదు నింపి పంపండి, నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి. రాయడం రానివాళ్లు ఈ కరపత్రం తెచ్చి ఇచ్చిన వాళ్లను పట్టుకోండి, వాళ్లు కూర్చుని రాసిపెడతారు. పక్కింటివాళ్ల చేత కూడా రాయించండి. ఒక ప్రోమో మీద ఒక వీధి నుంచి యాభై ఫిర్యాదులు వెళ్తే, యాభైకీ 24 గంటల్లో రసీదు ఇవ్వాలి, యాభైకీ 15 రోజుల్లో జవాబు రాయాలి. ఈ రాత్రే మొదలుపెట్టండి.

— మీ కాలనీ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు